ఒకే ఊట, అనేక కాలువలు: పైథాన్ ప్రోగ్రాములలో అమరికల నిర్వహణ

ఒమాన్‌లోని నిజ్వా పట్టణంలో ఫలజ్ దారిస్ అనే ప్రాచీన నీటి కాలువ నేటికీ ప్రవహిస్తున్నది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన ఐదు ఒమానీ ఫలజ్‌లలో ఇది ఒకటి. 'ఫలజ్' అనే పదానికి మూలమైన ప్రాచీన సెమిటిక్ ధాతువుకు 'విభజించు' అని అర్థం. భూగర్భ జలం మూల కాలువ ద్వారా ఊరికి చేరి, మొదట త్రాగునీటికి, పిమ్మట తోటలకు వంతుల ప్రకారం పంపకమవుతుంది. ఊరంతా ఆ ఒక్క పంపకానికే కట్టుబడి ఉంటుంది. తెలుగు పల్లెలలో చెరువు తూము వద్ద నీరుగంటి పాటించిన ధర్మమూ ఇదే.

కంప్యూటరు ప్రోగ్రాములోనూ ఇటువంటి పంపకం ఒకటున్నది. అక్కడ పంచవలసినది నీరు కాదు. వాడుకరి ఇచ్చిన ఆదేశం. ఆ పంపకం చెడితే లెక్కలు ఎట్లా తారుమారవుతాయో, దానిని ఎట్లా సరిదిద్దుకోవాలో తెలుపుటే ఈ వ్యాసం ఉద్దేశం.

కమాండు లైను అంటే ఏమిటి?

పైథాన్ భాషను నెదర్లాండ్స్‌కు చెందిన గీడో వాన్ రోసమ్ 1991లో లోకానికి అందించాడు. ఈ భాషలో పెద్ద ప్రోగ్రామును అనేక ఫైళ్ళుగా విభజించి వ్రాస్తారు. ఒక్కొక్క ఫైలును మాడ్యూలు అంటారు. ప్రోగ్రామును ప్రారంభించడానికి టైపు చేసే పంక్తియే కమాండు లైను. అందులో ప్రోగ్రాము పేరు తరువాత వ్రాసిన మాటలన్నింటినీ పైథాన్ 'సిస్' మాడ్యూలులోని 'ఆర్గ్‌వి' అనే జాబితాలో భద్రపరుస్తుంది.

ఒక ఉదాహరణ చూడవచ్చు. మస్కట్‌లోని ఒక సాంస్కృతిక సంఘం తన జమాఖర్చుల కొరకు ఇండియాలో వ్రాసిన ప్రోగ్రామును తెచ్చుకున్నదని ఊహించండి. అందులో 'వసూలు', 'రసీదు', 'నివేదిక' అని మూడు మాడ్యూళ్ళున్నాయి. సొమ్మంతా చిన్న నాణెపు లెక్కలో పూర్ణసంఖ్యగా నిలువ ఉంటుంది. రూపాయికి 100 పైసలు. ఒమానీ రియాల్‌కు మాత్రం 1000 బైసాలు. కనుక రూపాయికి దశాంశ బిందువు తరువాత రెండు స్థానాలు, రియాల్‌కు మూడు స్థానాలు అవసరం. ఏ ద్రవ్యమో వాడుకరి కమాండు లైనులో తెలుపుతాడు. తెలుపకపోతే ప్రోగ్రాము రూపాయిగానే భావిస్తుంది.

మొదటి పొరపాటు: ఎవరికి వారే చదువుకొనుట

మూడు మాడ్యూళ్ళూ దేనికదే 'ఆర్గ్‌వి' జాబితాను చదువుకొనేటట్లు వ్రాయడం ఒక పద్ధతి. చూడడానికి సులభమే. కాని ఒక మాడ్యూలులో మార్చిన నియమం మరొకదానిలో మారదు. అంతేకాదు, 'రసీదు' మాడ్యూలును వేరొక ప్రోగ్రాము అరువు తెచ్చుకున్నప్పుడు, అది ఆ క్రొత్త ప్రోగ్రాముకు ఇచ్చిన ఆదేశాలను తనవనుకొని చదివి, అర్థంకాక పని నిలిపివేయవచ్చు.

రెండవ పొరపాటు: తొందరపడి నకలు తీసుకొనుట

ఇది మరింత ప్రమాదకరమైనది. 'అమరిక' అనే ప్రత్యేక మాడ్యూలులో 'ద్రవ్యం' అనే పేరుకు మొదట "రూపాయి" అనే విలువ ఉన్నదనుకోండి. 'రసీదు' మాడ్యూలు 'ఫ్రమ్' పదంతో మొదలయ్యే ఇంపోర్టు వాక్యం ద్వారా 'ద్రవ్యం' అనే పేరును తనలోకి తెచ్చుకుంటుంది. ఆ క్షణంలో ఉన్న విలువ, అనగా "రూపాయి", దానికి అంటుకుంటుంది. ఆ తరువాత ముఖ్య ప్రోగ్రాము కమాండు లైనును చదివి, 'అమరిక'లోని విలువను "రియాల్"గా మారుస్తుంది. 'అమరిక' మారింది, 'రసీదు' చేతిలోని పేరు మాత్రం మారలేదు.

ఫలితం ఏమిటి? 2375 బైసాలు చెల్లించిన సభ్యునికి నివేదికలో 2.375 అని, రసీదులో 23.75 అని కనబడుతుంది. తేడా పది రెట్లు! అయినా కంప్యూటరు ఏ దోష సందేశమూ చూపదు, ఎందుకనగా భాషా నియమాల దృష్ట్యా తప్పేమీ జరుగలేదు.

ఒకే విషయాన్ని రెండు భాగాలు రెండు విధాలుగా భావించడం ఎంత నష్టదాయకమో 1999 సెప్టెంబరు 23న ప్రపంచం చూసింది. నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ఆనాడు అంగారకుని సమీపంలో నశించింది. భూమిపైనున్న ఒక ప్రోగ్రాము చోదక ప్రభావాన్ని పౌండు-సెకండ్లలో లెక్కించగా, దానిని అందుకొన్న ప్రోగ్రాము న్యూటన్-సెకండ్లుగా భావించింది. అక్కడ కమాండు లైను లేకపోవచ్చు. తప్పు స్వభావం మాత్రం ఇదే.

సరియైన మార్గం

మొదటి నియమం: కమాండు లైనును ముఖ్య ప్రోగ్రాము ఒక్కటే, ఒక్కసారే చదవాలి. ఇందుకు పైథాన్‌లో 'ఆర్గ్‌పార్స్' అనే సాధనం ఉన్నది. 2010లో వెలువడిన పైథాన్ 2.7 నుండి ఇది భాషతోనే లభిస్తున్నది. ఇది తప్పు ఆదేశాలను పట్టుకొని, వాడుకరికి సహాయ సందేశాన్ని కూడా తానే చూపుతుంది.

రెండవ నియమం: చదివిన విలువలను ఒక వస్తువుగా కూర్చి, అవసరమైన ప్రతి ఫంక్షనుకూ అందించాలి. ఏ ఫంక్షను ఏ అమరికపై ఆధారపడుతున్నదో అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది; పరీక్షించడమూ సులభం. 2018లో వచ్చిన పైథాన్ 3.7 లోని 'డేటాక్లాస్'కు 'ఫ్రోజెన్' గుణం చేర్చితే, మార్గమధ్యంలో ఎవరైనా పొరపాటున విలువను మార్చబోయినప్పుడు ప్రోగ్రాము వెంటనే హెచ్చరిస్తుంది.

మూడవ నియమం: ప్రతి ఫంక్షనుకూ అందించడం భారమనిపిస్తే, 'అమరిక' మాడ్యూలును మొత్తంగా ఇంపోర్టు చేసుకొని, అవసరమైన ప్రతిసారీ అమరిక.ద్రవ్యం అని అడగాలి. పైథాన్ ఒక మాడ్యూలును ఒక పేరుతో ఒక్కసారే లోనికి తెచ్చి 'సిస్.మాడ్యూల్స్' పట్టికలో ఉంచుతుంది. కనుక అడిగినవారందరికీ ఆ ఒక్క ప్రతియే లభిస్తుంది. అయితే ఈ అమరికలను ముఖ్య ఫైలులో ఉంచరాదు. ముఖ్య ఫైలు 'మెయిన్' అనే ప్రత్యేక నామంతో నడుస్తుంది. ఇతర మాడ్యూలు దానినే అసలు పేరుతో ఇంపోర్టు చేస్తే రెండవ ప్రతి పుట్టి, ఊట రెండుగా చీలుతుంది.

బాలబాలికలకు అభ్యాసం

2008లో వెలువడిన పైథాన్ 3.0 నుండి పేర్లను తెలుగు లిపిలోనే వ్రాయవచ్చు. 'అమరిక', 'రసీదు', 'ముఖ్యం' అని మూడు ఫైళ్ళు తయారు చేయండి. మొదట 'రసీదు'లో 'ద్రవ్యం' పేరును మాత్రమే ఇంపోర్టు చేసి, 'ముఖ్యం'లో అమరిక.ద్రవ్యం విలువను "రియాల్"గా మార్చి, రసీదు ఏమి చూపుతున్నదో గమనించండి. పిదప 'రసీదు'లో 'అమరిక'ను మొత్తంగా ఇంపోర్టు చేసి, అమరిక.ద్రవ్యం అని అడుగుతూ తిరిగి నడపండి. మొదటిసారి రూపాయి, రెండవసారి రియాల్ కనబడితే పాఠం బోధపడినట్లే.