వెబ్‌సైటులో ఫారమా, ఈ-మెయిల్ చిరునామానా?

నెయ్యి, కోవా నేరుగా అమ్మదలచి వెబ్‌సైటు పెట్టుకొనే సంఘాలకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. కొనేవారు మనకు వ్రాయడానికి ఖాళీలు పూరించే ఫారం పెట్టాలా, సంఘం ఈ-మెయిల్ చిరునామా ఇవ్వాలా? సైటు తయారుచేసే కుర్రవాళ్ళు ఫారం చాలునంటారు. ఈ సంగతి వారికి వదలక పాలకవర్గమే తేల్చుకోవడం మంచిది.

ఫారం వైపు న్యాయం లేకపోలేదు. వెబ్ పేజీలలో కనబడిన చిరునామాలను ఏరుకొనిపోయే ప్రోగ్రాములున్నాయి. వాటి కంటబడితే అక్కరలేని ప్రకటనలు వచ్చిపడతాయి. ఈ బెడద పాతదే. 1978లోనే అమెరికాలో ఒక కంప్యూటరు కంపెనీ ఉద్యోగి ఒకే ప్రకటనను సుమారు 400 మందికి పంపి చీవాట్లు తిన్నాడు. పైగా ఫారంలో బ్యాచ్ నంబరు, కొన్న తేదీ మనమే అడిగి తీసుకోవచ్చు. (పదేసి గడులు పెడితే మాత్రం ఎవరూ పూరించరు.)

ఇక వ్రాసేవారి వైపు నుండి చూడండి. మనం కేంద్రంలో పాలు పోసి, వెన్న శాతం వేసిన చీటీ లేకుండా ఇంటికి వస్తామా? ఫారం పంపినవారి చేతిలో తరచు ఏ చీటీ మిగలదు. ఈ-మెయిల్ అయితే నకలు, తేదీ, వేళ వారి వద్దనే ఉంటాయి. విరిగిన పాల ఫోటో కూడా జతచేయవచ్చు.

మరో చిక్కు ఉన్నది. కొన్ని ఫారాలు కొనుగోలుదారు చిరునామా నుండే ఉత్తరం వచ్చినట్లు చూపుతాయి. మెయిల్ సర్వీసు దానిని దొంగ ఉత్తరంగా ఎంచి పక్కకు నెట్టవచ్చు. అవతల తెరపై "మీ సందేశం అందినది" అని కనబడుతుంది, ఇక్కడ ఎవరూ చూడరు. ఉదయం పంపిన బ్యాచ్ చెడిందన్న కబురు ఇలా ఆగిపోతే, మిగిలిన ప్యాకెట్లు కూడా పిల్లలున్న ఇళ్ళకు చేరతాయి.

చట్టమూ ఉన్నది. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ ఫిర్యాదుల అధికారి పేరు, హోదా, సంప్రదించే వివరాలు సైటులో చూపాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి.

కాబట్టి రెండూ పెట్టండి. ఫారం నింపినవారికి నకలు దానంతటదే వెళ్ళే ఏర్పాటు చేయించండి. వారానికొకసారి కార్యదర్శి తానే ఫారం నింపి, అది ఆఫీసుకు చేరిందో లేదో చూడాలి. చిరునామా సంఘం పేరుననే ఉండాలి. కార్యదర్శి సొంత చిరునామా ఇస్తే, ఆయన మారిన తరువాత కూడా ఫిర్యాదులు ఆయనకే పోతుంటాయి.