పొడుచు ఎద్దు, కొమ్ములు లేని దూడ

పాఠ్యభాగము: నిర్గమకాండము 21:28-36



మోషే ధర్మశాస్త్రము పొడుచు ఎద్దును గూర్చి రెండు సంగతులను వేరుచేయుచున్నది. ఎన్నడును పొడవని ఎద్దు ఒకనాడు మనుష్యుని పొడిచి చంపినయెడల శిక్ష ఎద్దునకే. అది పొడుచునని ముందుగా తెలుపబడియు యజమానుడు దానిని కట్టివేయకున్నయెడల, ఆ ప్రాణమునకు అతడే ఉత్తరవాది. తెలియక జరిగినది వేరు, తెలిసిన పిమ్మట జరిగినది వేరు. దీనిని మనస్సులో ఉంచుకొని, అమెరికా దేశములో జరిగిన ఒక సంగతిని వినుడి.

మన ఊళ్లలో ఎద్దునకు కొమ్ములే అందము. రంగులు కూడ పూయుదురు. అక్కడి పాడిపశువుల కొట్టములలో అవి ఒకదానినొకటి పొడుచుకొనకుండ, పనివారిని పొడవకుండ, లేతదూడల కొమ్ము మొలకలను కాల్చిన ఇనుముతోనో ఘాటు మందుతోనో మాడ్చివేయుదురు. ఆ నొప్పి పశువులను పెంచు మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆంగస్ అను మాంసపు జాతికి పుట్టుకతోనే కొమ్ములుండవు. మిన్నెసోటా రాష్ట్రములోని రీకాంబినెటిక్స్ అను కంపెనీవారు ఆ గుణమును హోల్‌స్టీన్ పాడిజాతిలోనికి తేదలచిరి. ఆంబోతుతో కలిపి తెచ్చినయెడల తరములు పట్టును, నడుమ పాలును తగ్గును. కాబట్టి వారు హోల్‌స్టీన్ జీవకణములను ప్రయోగశాలలో పెంచి, వాటిలో ఆ గుణమునిచ్చు జన్యువును చేర్చిరి. ఆవు అండములోని కేంద్రమును తీసివేసి, ఆ స్థానమున సవరించిన కణమును ఉంచి, పిండముగా ఎదిగించి, వేరొక ఆవు గర్భములో నిలిపిరి. ఇట్టి పిండములలో అనేకములు నెలలు నిండకయే పోవును. అయినను 2015లో స్పాటిజీ, బూరి అను రెండు కోడెదూడలు కొమ్ములు లేకుండ పుట్టెను. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు బూరి బీజమును కొమ్ముల జాతి ఆవులకు ఎక్కించగా, 2017లో ఆరు దూడలు పుట్టెను. ఒక్కదానికిని కొమ్ములు లేవు.

ఇంతవరకు సంతోషమే. అయితే జన్యువును కణములోనికి చేర్చుటకు ఒక సూక్ష్మజీవిలోని జన్యుపదార్థమును బండివలె వాడుదురు. సరకు దింపిన పిమ్మట ఆ బండి మిగులకూడదు. 2019లో అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ శాఖవారు బూరి జన్యువుల వివరములను మరల పరిశీలించగా, ఆ బండియు లోపలనే నిలిచియుండెను. విత్తనములు తెచ్చిన గోనెసంచి కూడ చాలులో పూడిపోయినట్లాయెను! సూక్ష్మజీవులను చంపు మందులకు లొంగకుండ చేయు జన్యువులును దానిలో ఉండెను. ఆరు దూడలలో నాలుగింటికి అది సంక్రమించెను. బ్రెజిల్ దేశములో ఈ కొమ్ములులేని మందను పెంచవలెనన్న ఏర్పాటును మానుకొనిరి.

దూడలు ఆరోగ్యముగానే యుండెను. ఇది మోసమనియు నేననను. అట్టిది ఉండునని తలంపలేదు గనుక వెదకలేదని కంపెనీవారే ఒప్పుకొనిరి.

జాతులను కలుపుట లేవీయకాండము 19వ అధ్యాయములో నిషేధింపబడలేదా అని కొందరు అడుగుదురు. సొలొమోను అభిషేకమునకు ఎక్కి వెళ్లినది రాజుగారి కంచరగాడిదనే (1 రాజులు 1). అది రెండు జాతుల కలయికయే గదా! దూడకు నొప్పి తప్పింపవలెనన్న కోరికను నేను తప్పుపట్టను. నా దృష్టికి ఈ సంగతి ఎద్దు వచనములకే చెందును. 2015లో వారు మొదటి యజమానునివంటివారు. 2019 తరువాత ఈ పనికి పూనుకొనువారు ఎవరైనను రెండవవానివంటివారే. వారికి తెలుపబడినది.

గృహకూటములో ఈ మాట చెప్పగా, చిన్ననాటినుండి ఎద్దులు కాచిన ఒక పెద్దాయన లేచి, "అయ్యగారూ, ఎద్దు పొడుచునని యజమానునికి చెప్పాలంటే, ముందు ఎవరో ఒకరు కొట్టములోకి పోయి చూడాలి గదా? యజమానుడే తన ఎద్దు సాధువని చెప్పుకొంటూ, పరులను గడప దాటనీయకపోతే?" అని అడిగెను. నాయొద్ద సిద్ధమైన జవాబు లేకపోయెను. వచ్చే కూటమునకు 29వ వచనమును మరల తెరువవలెనని అనుకొంటిమి.