పాట నేర్పండి, చెరువు దాకా తీసుకెళ్లండి

పిల్లలకు పర్యావరణం గురించి చెప్పాలంటే నినాదాలే అక్కర్లేదు. నీళ్ల పాటలు మన ఇళ్లలోనే ఉన్నాయి. బతుకమ్మకు తంగేడు, గునుగు, బంతి పూలు పేర్చి, ఆడిపాడి చెరువులో వదులుతాం. వానలు మొహం చాటేస్తే పల్లెల్లో కప్పతల్లి పాటలు పాడుతూ పిల్లలు ఇల్లిల్లూ తిరుగుతారు. క్రైస్తవ సంప్రదాయంలోనూ ఇలాంటి పాట ఉంది: అసీసీకి చెందిన సాధువు ఫ్రాన్సిస్ 13వ శతాబ్దంలో సూర్యుణ్ని సోదరుడిగా, నీటిని సోదరిగా తలచి కీర్తన కట్టారు. పోప్ ఫ్రాన్సిస్ 2015లో భూమి సంరక్షణ గురించి రాసిన లేఖకు పేరు ఆ కీర్తనలోంచే తీసుకున్నారు.

పాట ఉద్యమంగా మారిన ఉదాహరణ మన పొరుగునే ఉంది. చెన్నై దగ్గర ఎన్నూరు ఉప్పుటేరును థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద పూడ్చేస్తుంటే, కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణ 2017లో ‘చెన్నై పోరంబోకు పాడల్’ పాడారు. కబేర్ వాసుకి రాసిన ఆ పాటను అక్కడి వాడుక తమిళంలోనే, కర్ణాటక రాగాల్లో వినిపించారు. మరుసటి ఏడాది, క్రైస్తవ గీతాలు పాడే కర్ణాటక గాయకులకు బెదిరింపులు వచ్చినప్పుడు, ఏసు మీదో అల్లా మీదో నెలకో పాట విడుదల చేస్తానని కృష్ణే ప్రకటించారు. ఊరి నీటి కోసం పాడే గొంతుకు పక్కవాడి దేవుడు పరాయి కాదు.

మీరేం చేయవచ్చు? పక్కింటివాళ్ల పాటను పిల్లలకు వాళ్ల దగ్గరే నేర్పించండి, యూట్యూబ్‌లో కాదు. ముందు అడగండి, బలవంతం వద్దు. కొన్ని ముస్లిం కుటుంబాలు ఆరాధనలో సంగీతాన్ని కోరుకోవు. అలాంటప్పుడు వానల కోసం చేసే ఇస్తిస్ఖా నమాజు గురించి, నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే వుజూలో నీళ్లు దుబారా చేయకూడదన్న నియమం గురించి పిల్లలకు చెప్పమనండి. కప్పతల్లి ఆడిస్తే బతికున్న కప్పను కట్టనివ్వకండి, మట్టి కప్ప చాలు. చెరువు బాగుంటేనే కప్ప బాగుంటుందని అప్పుడే చెప్పవచ్చు. బతుకమ్మలో ప్లాస్టిక్ పూలు, థర్మకోల్ వద్దనండి. పోటీలు, బహుమతులు పెట్టకండి. పాట పంచుకోవడానికే గాని గెలవడానికి కాదు.

పాడటం అయ్యాక అందరి పిల్లల్నీ కలిపి చెరువు గట్టుకు తీసుకెళ్లండి. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో, ఏ మురుగు కలుస్తోందో వాళ్లనే వెతకనివ్వండి. చూసింది రాయించి, పంచాయతీకో మున్సిపాలిటీకో వాళ్ల చేతే ఇప్పించండి. పాట ఒక్కటే చెరువును బాగు చెయ్యదు. కలిసి పాడిన పిల్లలు కలిసి అడిగితే మాత్రం పెద్దలకు వినక తప్పదు. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.