దేవుడు ఇటుక మీద ఆగాడు, మనం ఇంటి కోసం ఆగలేమా?

ఈ వారం వీడియోలో బందరు చిలకలపూడి పాండురంగస్వామి గుడి గురించి చెప్పుకున్నాం. టైం సరిపోక అందులో చెప్పలేకపోయిన అసలు పాఠం ఇక్కడ రాస్తున్నాను. తీరిగ్గా చదవండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.

మనలో చాలామందికి ఉద్యోగం హైదరాబాదులోనో బెంగళూరులోనో, ఇల్లేమో గుడివాడలోనో బందరులోనో అవనిగడ్డలోనో. పండక్కి నాలుగు రోజులు సెలవు దొరుకుతుంది. మోపిదేవి వెళ్ళాలి, హంసలదీవి చూడాలి, పొద్దున్నే లేచి జపం చేసుకోవాలి అని ఎన్నో అనుకుని బస్సెక్కుతాం. తీరా వెళ్ళాక తాతయ్యను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, అమ్మమ్మకు గ్యాస్ బుక్ చేయాలి, బాబాయి కూతురి కాలేజీ ఫారం నింపాలి. తిరుగు ప్రయాణంలో "ఈసారి దేవుడి పని ఏమీ కాలేదు" అనుకుంటాం.

ఈ మాట నాకు చాలామంది చెప్పారు. నిజంగానే దేవుడి పని కాలేదా? ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

బందరులో వెలసిన పండరిపురం

చిలకలపూడి గుడిని 1929లో భక్త నరసింహంగారు కట్టించారు. మహారాష్ట్రలోని పండరిపురంలో ఉన్నట్టే ఇక్కడా స్వామి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటాడు. కార్తీక మాసంలో ఉత్సవాలు జరుగుతాయి. పౌర్ణమినాడు జనం మంగినపూడి బీచ్‌లో సముద్రస్నానం చేసి స్వామిని దర్శించుకుంటారు. మా కుటుంబంలో మూడు తరాలుగా ఆ స్నానానికి వెళ్తున్నాం.

స్వామి అలా ఎందుకు నిలబడ్డాడో కథ మీకు తెలిసే ఉంటుంది. పుండరీకుడు తల్లిదండ్రుల సేవలో ఉన్నాడు. అతన్ని చూడ్డానికి సాక్షాత్తూ శ్రీకృష్ణుడే గుమ్మం దాకా వచ్చాడు. పుండరీకుడు లేవలేదు. చేతికందిన ఒక ఇటుకను బయటికి వేసి, చేస్తున్న పని అయ్యేదాకా దాని మీద నిలబడమన్నాడు. స్వామికి కోపం రాలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని అలాగే ఆగిపోయాడు. మన నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1957లో వచ్చిన 'పాండురంగ మహాత్మ్యం' సినిమాలో పుండరీకుడిగా నటించడంతో ఈ కథ తెలుగువాళ్ళ ఇంటింటికీ చేరింది.

ఈ కథలో మనం సాధారణంగా తల్లిదండ్రుల సేవ గొప్పదనే చూస్తాం. దాంతోపాటు గమనించాల్సింది ఇంకొకటుంది. పుండరీకుడు దేవుణ్ణి వద్దనలేదు, ఉండమన్నాడు. అమ్మానాన్నలకు చేసే పనినీ దేవుడికి చేసే పనినీ అతను తక్కెడలో పెట్టి తూచలేదు. చేతిలో ఉన్న సేవ ముగిస్తే ఆ ఇద్దరికీ చెందుతుందని నమ్మాడు. వచ్చినవాడికీ అదే నచ్చింది కాబట్టే ఇప్పటికీ నిలబడి ఉన్నాడు.

అందుకని కంటి డాక్టరు దగ్గర తాతయ్య పక్కన కూర్చున్న ఆ రెండు గంటలూ మీరు గుడికి దూరంగా ఉన్నట్టు కాదు. ఆ గంటలు ఫోన్ చూస్తూ గడిపామా, తాతయ్య చెప్పేది వింటూ గడిపామా అన్నదే తేడా. సాక్షాత్తూ దేవుడే ఆగాడు. మన రీల్స్ ఆగవా?

వేదం చదివినవాణ్ణి వెనక్కి పంపిన ధర్మవ్యాధుడు

ఇదే మాట మహాభారతం అరణ్యపర్వంలో ఇంకాస్త గట్టిగా ఉంది. మార్కండేయ మహర్షి ధర్మరాజుకు చెప్పిన కథ అది.

కౌశికుడు వేదం చదివినవాడు, తపస్సు చేసినవాడు. భిక్షకు వెళ్తే ఒక ఇల్లాలు భర్త సేవలో ఉండి ఆలస్యంగా వచ్చింది. అతనికి కోపం వచ్చింది. ఆమె బెదరకుండా, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకు వెళ్ళి ధర్మవ్యాధుణ్ణి అడగమంది. ఆ ధర్మవ్యాధుడు మాంసం అమ్మి బతికేవాడు. ఎన్నో ధర్మసూక్ష్మాలు చెప్పాక కౌశికుణ్ణి తన ఇంట్లోకి తీసుకెళ్ళి, ముసలి తల్లిదండ్రులను చూపించి, నాకు ప్రత్యక్ష దైవాలు వీళ్ళే అన్నాడు.

కథ అక్కడితో ఆగితే అది ధర్మవ్యాధుడి గొప్పతనం మాత్రమే. ఆ తర్వాత అతను కౌశికుడి సంగతికి వస్తాడు. నువ్వు చదువు కోసం అమ్మానాన్నలను అడక్కుండా వదిలి వచ్చావు, వాళ్ళు నీ కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారు, ముందు వెళ్ళి వాళ్ళను చూసుకో అంటాడు. కౌశికుడు వెళ్ళాడు.

దీన్ని చదువు మానేయమనో, ఉద్యోగం వదిలి ఊరికి వచ్చేయమనో చెప్పినట్టు తీసుకోకండి. చదువు పేరుతో, సాధన పేరుతో, కెరీర్ పేరుతో ఇంట్లోవాళ్ళు మనకు కనపడకుండా పోతే ఆ చదువు ఇంకా పూర్తి కాలేదని అర్థం.

సాయం చేసే తీరు

చుట్టాలకు సాయం చేయాలని అందరూ చెప్తారు. ఎలా చేయాలో చెప్పేవాళ్ళు తక్కువ. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో చదువు ముగించి ఇంటికి వెళ్ళే శిష్యుడికి గురువు చేసే బోధ ఒకటుంది. తల్లి, తండ్రి, గురువు, అతిథి, ఈ నలుగురినీ దైవంగా చూడమన్న మాట అందులోదే. అది అందరికీ తెలుసు. దాని వెనకే ఇవ్వడం గురించి కొన్ని మాటలున్నాయి. శ్రద్ధ ఉండాలి, అణకువ ఉండాలి, ఏం చేస్తున్నామో తెలిసి ఇవ్వాలి అని వాటి సారం.

దీన్ని మా ఇంట్లో జరిగేదాంతో చెప్తాను. గుడివాడలో ఉండే మా పెదనాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబరులో బతికే ఉన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 ఏళ్ళు దాటినవాళ్ళు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. ఇప్పుడు దీనికి బ్యాంకు దాకా వెళ్ళక్కర్లేదు. ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ యాప్ వేసుకుని, ఆధార్ నంబరు, పీపీవో నంబరు, బ్యాంకు ఖాతా నంబరు ఇచ్చి ముఖం స్కాన్ చేస్తే అయిపోతుంది.

నేనే ఫోన్ లాక్కుని టకటకా కొట్టేస్తే పది నిమిషాల పని. కానీ పెదనాన్న ముప్ఫై ఏళ్ళకు పైగా రికార్డులు రాసిన మనిషి. పీపీవో కాగితాలు ప్లాస్టిక్ కవర్లో, తారీఖుల వరసలో పెట్టుకుంటారు. అందుకే నంబర్లు ఆయన్ని చదవమంటాను, నేను కొడతాను. ఒక్కో నంబరూ రెండుసార్లు చదివి సరిచూస్తారు. "సున్నాయా, ఓ-నా సరిగ్గా చూడరా" అంటారు. గంట పడుతుంది. ఆ గంటలో ఆయన ఎవరి దయ మీదా ఆధారపడ్డ ముసలాయన కాదు, ఆఫీసులో కూర్చున్న ఉద్యోగి. పని అయ్యాక దొడ్డమ్మ బందరు తొక్కుడు లడ్డు చేతిలో పెడుతుంది. ఆయన మొహంలో కనపడే తృప్తి సర్టిఫికెట్ వచ్చినందుకు మాత్రమే కాదు.

ఉపనిషత్తు చెప్పిన అణకువ ఇదేనని నాకనిపిస్తుంది. సాయం పొందేవాళ్ళ పెద్దరికం తగ్గకుండా సాయం చేయడం.

హద్దు ఉండొద్దా?

ఉండాలి. కామెంట్లలో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. "మా బంధువు ఒకాయన ఎన్నిసార్లు డబ్బిచ్చినా పేకాటలో పోగొడతాడు, ఏం చేయాలి?" అని.

మళ్ళీ పాండురంగడి దగ్గరికే వెళ్దాం. తెనాలి రామకృష్ణుడు రాసిన 'పాండురంగ మాహాత్మ్యము'లో నిగమశర్మ కథ ఉంది. మంచి ఇంట్లో పుట్టి వ్యసనాలతో ఆస్తంతా తగలేసిన కుర్రాడు. అత్తవారింట ఉన్న అక్క సంగతి విని భర్తా పిల్లలతో పుట్టింటికి వచ్చింది. తమ్ముణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, కడుపునిండా అన్నం పెట్టి, తిట్టకుండా మెత్తగా మంచిమాటలు చెప్పింది. నాలుగు రోజులు బుద్ధిగా ఉన్నట్టే ఉండి, ఒక రాత్రి ఇంట్లో నగలన్నీ మూటగట్టుకుని పారిపోయాడు. వాటిలో అక్క ముక్కర కూడా ఉంది. అంత గొప్పగా మలిచిన ఆ అక్కకు కవి పేరు కూడా పెట్టలేదు. నిగమశర్మ అక్క అంటే చాలు, సాహిత్యం తెలిసినవాళ్ళందరికీ తెలుసు.

ఆమె ఓడిపోయిందా? నేననుకోను. ఆమె చేయగలిగింది చేసింది. మనిషి మారడం ఆమె చేతిలో లేదు. నిగమశర్మకు సద్గతి ఎప్పుడో చివర్లో, ఆ క్షేత్రం మహిమ వల్ల కలిగింది. మనం నేర్చుకోవాల్సింది రెండు మాటలు. ఒకటి, అన్నం పెట్టడం, మంచి చెప్పడం ఎప్పుడూ ఆపొద్దు. రెండు, నగల పెట్టె తాళం మన దగ్గరే ఉండాలి. పేకాడే బంధువుకు డబ్బు ఇవ్వకుండా, ఆయన పిల్లల ఫీజు నేరుగా కాలేజీకి కట్టడం కూడా ప్రేమే. ఇవ్వడం తెలిసి ఇవ్వాలన్నది ఇందుకే.

చుట్టరికం ఎక్కడిదాకా?

దివిసీమ గురించి రాస్తూ ఉప్పెన మాట ఎత్తకుండా ఉండలేను. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న లంకే దివిసీమ. 1977 నవంబర్ 19న తుఫానుతోపాటు సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. నాగాయలంక దగ్గరి సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కల్లోనే సుమారు 10 వేల మంది పోయారు. దేశమంతా కదిలింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ లాంటి నటులు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు.

అప్పుడు మా అమ్మమ్మ వాళ్ళు గుడివాడలో ఉండేవారు. దివి నుంచి ప్రాణాలతో బయటపడ్డ చుట్టాలు వాళ్ళింటికి చేరారు. వాళ్ళతో వరసేదీ లేని ఎనిమిదేళ్ళ పిల్ల కూడా వచ్చింది, పక్కింటి పిల్ల. ఆమెకు ఎవరూ మిగల్లేదు. కొన్నాళ్ళకు చుట్టాలు తిరిగి వెళ్ళి ఇళ్ళు కట్టుకున్నారు. ఆ పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉండిపోయింది. చదివించారు, పెళ్ళి చేశారు. ఆమె మాకు పిన్ని. రక్తసంబంధం లేదన్న సంగతి నాకు పదేళ్ళు వచ్చేదాకా తెలీదు, ఎవరూ చెప్పలేదు. అమ్మమ్మను చివరి రెండేళ్ళు మంచం మీద కనిపెట్టుకుని ఉన్నది ఆ పిన్నే.

చుట్టరికం పుట్టుకతో వస్తుంది, నిజమే. చేసే పనితో కూడా వస్తుందని మా ఇల్లు నాకు నేర్పింది. చేయీ చేయీ కలపకపోతే రక్తసంబంధమైనా పెళ్ళి శుభలేఖ దగ్గరే ఆగిపోతుంది.

మరి ఆనందం ఎక్కడుంది?

సేవ అంటే మనలో కొందరికి బరువుగా వినపడుతుంది. అలసట ఉంటుంది, కాదనను. ముసలివాళ్ళు చెప్పిందే చెప్తారు, కొన్నిసార్లు విసుక్కుంటారు. కానీ ఒకటి గమనించండి. మనసు రెండు చోట్ల ఉన్నప్పుడే ఎక్కువ అలసిపోతాం. చేయి మాత్ర ఇస్తూ, కన్ను టైం చూస్తూ ఉంటే ఆ పని శిక్షలా ఉంటుంది. అదే పని పూర్తి మనసుతో చేస్తే పూజ చేసి లేచినంత తేలిగ్గా ఉంటుంది. పుండరీకుడు గుమ్మం వైపు చూస్తూ కాళ్ళు పట్టలేదు.

ఈ వారం సాధన

1. ఇంట్లో ఒక పెద్దవాళ్ళ పని ఒకటి ఎంచుకోండి. బ్యాంకు పని, మందుల పెట్టె సర్దడం, పాత ఫోటోల వెనక పేర్లు రాయడం, ఏదైనా సరే. దూరంగా ఉంటే వీడియో కాల్‌లో చేయించండి.

2. మొదలుపెట్టే ముందు ఒక్కసారి దేవుడికి దణ్ణం పెట్టి "స్వామీ, ఈ పని అయ్యేదాకా ఉండు" అనుకోండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి.

3. వాళ్ళు చేయగలిగిన భాగం వాళ్ళనే చేయనివ్వండి. ఆలస్యమైనా సరే.

4. కొన్నేళ్ళుగా మాటల్లేని ఒక చుట్టానికి ఫోన్ చేయండి. పాత గొడవ ఎత్తకండి. "బాగున్నారా, భోంచేశారా" చాలు.

5. పని ముగిశాక దీపం పెట్టండి. ఆ రోజుకు అదే మీ పూజ.

ఎవరికి ఏ పని చేశారో కామెంట్‌లో రాయండి, పేర్లు అక్కర్లేదు. వచ్చే వారం వీడియోలో హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి, మాఘ పౌర్ణమి సాగరసంగమ స్నానం గురించి చెప్పుకుందాం. అప్పటిదాకా ఇంట్లోవాళ్ళు జాగ్రత్త. పాండురంగడు మనందరినీ చల్లగా చూడాలి.

పాండురంగ విఠల!