వెదకుట వేఱు, తెచ్చుట వేఱు



గడచిన వేసవిలో మా పాఠశాల కార్యాలయమునకు ఒక వృద్ధుడు వచ్చెను. ఆయన బాల్యమున ఇచ్చటనే చదివినవాడు. పింఛను నిమిత్తము తన జన్మదినమును రుజువుచేయు పత్రము ఆయనకు కావలసియుండెను. ప్రవేశపు రిజిష్టర్లకు అకారాది క్రమమున పేర్ల పట్టిక యున్నందున ఆయన పేరు క్షణములో దొరకెను. అయితే ఆ పేరు గలవారు 31 మంది తేలిరి! వారిలో ఎవరు ఏ గ్రామమువారో, ఏ యేట చేరినవారో తెలిసికొనుటకు వేర్వేఱు సంపుటములలో 31 పుటలు తెఱవవలసి వచ్చెను. పాపము, ఆ పెద్దాయన 3 దినములు బస్సెక్కి వచ్చిపోయెను. ఆయన అలసిన ముఖమును చూచినప్పుడు మాకొక సంగతి స్పష్టమయ్యెను: వెదకుట వేఱు, వెదకినదానినుండి కావలసిన అంశమును తెచ్చుట వేఱు. ఈ చిక్కే సెర్చ్ ఇంజనులకును కలదు. దానిని వారెట్లు తీర్చుకొనిరో నేడు విచారింతము.

లూసీన్ అనునది ప్రసిద్ధమైన యొక సెర్చ్ గ్రంథాలయము. డగ్ కటింగ్ అను నతడు దీనిని 1999లో వ్రాసెను. 2001లో ఇది అపాచీ సంస్థలో చేరెను. సోలార్, ఎలాస్టిక్ సెర్చ్ అను యంత్రములు దీని పునాదిమీద కట్టబడినవే. ఇందులో ఒక్కొక్క పత్రమునకు ఒక్కొక్క సంఖ్య యుండును. పత్రములోని పేరు, గ్రామము, సంవత్సరము మొదలగు గడులను ఫీల్డులందురు.

ఈ యంత్రము మాటను వెదకు విధము పుస్తకము చివరనున్న పదసూచిక వంటిది. మాట ఎదుట, ఆ మాట గల పత్రముల సంఖ్యలు వరుసగా వ్రాయబడియుండును. దీనికి ఇన్వర్టెడ్ ఇండెక్సు అని పేరు. "ఈ మాట ఏ పత్రములలో నున్నది?" అను ప్రశ్నకు ఇది వెంటనే బదులు చెప్పును. "ఈ పత్రములో సంవత్సరపు గడియందేమున్నది?" అని తలక్రిందుగా అడిగితిమా, ఆ సూచిక మూగదియగును.

రెండవ ప్రశ్నకు బదులు చెప్పుటకు మొదటినుండియు ఒక యేర్పాటు కలదు. పత్రము యొక్క గడులన్నిటిని ఒకచోట చేర్చి దాచుదురు. వీనిని స్టోర్డ్ ఫీల్డ్స్ అందురు. 2013లో వచ్చిన 4.1 సంచికనుండి అనేక పత్రములను ఒక మూటగా నొక్కి, చోటు కలిసివచ్చునట్లు దాచుచున్నారు. చోటు మిగిలెను గాని, ఒక్క గడి కావలసినను మూట విప్పవలసినదే. పది పత్రములకైన బాధ లేదు. పది లక్షల పత్రములను సంవత్సర క్రమమున పేర్చుమన్నచో, ఒక్కొక్క సంవత్సరము కొఱకు ఒక్కొక్క మూట విప్పుచు కూర్చుండిన పని యెప్పటికి తెమలును?

ఇచ్చట మన తరగతినే దృష్టాంతముగా తీసికొందము. 40 మంది విద్యార్థులకు 40 ప్రోగ్రెసు కార్డులు కలవు. గణితములో ప్రథముడెవడని ప్రధానోపాధ్యాయులు అడిగిరనుకొనుడు. 40 కార్డులు తెఱచి, ఒక్కొక్కదానిలో ఒక్క పంక్తి చదువుట తెలివియగునా? గణితోపాధ్యాయుని మార్కుల పట్టిక ఒక్క కాగితమే. దానిని పైనుండి క్రిందికి చూచిన చాలును. అయితే ఒక తండ్రి వచ్చి తన కుమారుని చదువు సంగతి విచారించినప్పుడు కార్డే మేలు. ఆఱుగురు ఉపాధ్యాయుల పట్టికలు అప్పుడు వెదకుట వృథాశ్రమ. అడ్డువరుసకు దాని పని, నిలువువరుసకు దాని పని.

నిలువువరుస కావలెనని లూసీన్ వారికి ముందే తెలియును. తొలుత వారు ఫీల్డ్ కేష్ అను ఉపాయము పన్నిరి. ఎవరైన క్రమము కోరినప్పుడు, ఇన్వర్టెడ్ ఇండెక్సును మాటమాటగా నడచి, దానిని తిరుగవేసి, మెమరీలో నిలువు పట్టికను కట్టెడివారు. తరువాత వచ్చినవారికి వేగము లభించెను. కాని మొదట అడిగినవాడు పట్టిక కట్టునంతసేపు వేచియుండవలెను. అంతేగాక పట్టిక యంతయు మెమరీలో కూర్చుండుటచే, పత్రములు పెరిగినకొలది మెమరీ నిండి, ఒక్కొకప్పుడు యంత్రమే నిలిచిపోవును. ఒకని తొందర అందఱి పనికి అడ్డయ్యెడిది.

2012లో వెలువడిన 4.0 సంచికలో డాక్ వాల్యూస్ అను మంచి యేర్పాటు వచ్చెను. ఇందు పత్రమును చేర్చునప్పుడే నిలువు పట్టికను వ్రాసి డిస్కులో ఉంచుదురు. అడిగినప్పుడు కట్టు పని లేదు. పట్టికలో కావలసిన భాగములను మాత్రమే ఆపరేటింగ్ సిస్టము మెమరీలోనికి తెచ్చుకొనును.

ఆ పట్టికను పొదుపుగా వ్రాయు విధము కూడ గమనింపదగినది. 1900 మొదలు 1949 వఱకు గల సంవత్సరములు పది లక్షల పత్రములలో నున్నవనుకొందము. ఒక్కొక్కదానికి 32 బిట్లు వాడిన 40,00,000 బైట్లగును. కనిష్ఠమైన 1900ను తీసివేసినచో మిగులునవి 0 మొదలు 49 వఱకు గల సంఖ్యలే. వీనికి 6 బిట్లు చాలును. చదువుటకు అనువుగా 8 బిట్లకు సవరించినను 10,00,000 బైట్లే యగును. నాలుగవ వంతు! గ్రామముల పేర్లైనచో, వానిని అకారాదిగా ఒక్కసారి వ్రాసి, ప్రతి పత్రము ఎదుట పేరునకు మాఱుగా వరుస సంఖ్యను వేయుదురు. పోల్చునప్పుడు అక్షరములతో పనిలేదు, సంఖ్యలు చాలును.

కావున మనము జ్ఞాపకముంచుకొనదగిన సూత్రములు నాలుగు. మొదటిది: క్రమపఱచుటకును, లెక్కించుటకును నిలువు పట్టికను వాడవలెను, చివరకు తేలిన పది పత్రములకు మాత్రమే మూటలు విప్పవలెను. రెండవది: ఆ మూటలనుండియు కావలసిన గడులనే కోరవలెను. మూడవది: పత్రములను సంఖ్యల ఆరోహణ క్రమమున చూడవలెను. 2017లో వచ్చిన 7.0 సంచికనుండి ఈ పట్టికలను ముందునకే నడచుచు చదువవలెను గాని వెనుకకు మరలరాదు. నాలుగవది: ప్రతి గడికి పట్టిక కట్టరాదు, వాడని పట్టిక డిస్కునకు బరువే. అయితే ముందే యోచింపవలెను, ఏలయనగా తరువాత పట్టిక కావలెనన్నచో పాత పత్రములను మరల చేర్చవలసివచ్చును.

మా రిజిష్టర్లలోని పేర్లు కొన్ని వేలే గనుక వానికి ఇంత యంత్రము అక్కఱలేదు. అయినను పాఠము మాకు పట్టుబడెను. పై తరగతి విద్యార్థులతో కూడి, పేర్ల పట్టికలో ప్రతి పేరు ఎదుట గ్రామమును, చేరిన సంవత్సరమును వ్రాయించితిమి. ఇక ముందు వచ్చు వృద్ధునికి 31 పుటలు తెఱవ నక్కఱలేదు. ఒక్క పుట తెఱచిన చాలును. వ్రాయునప్పుడు మనము పడిన కొలదిపాటి శ్రమ, అడుగవచ్చినవాని దినములను కాపాడును.

అభ్యాసము

1. గ్రంథాలయములోని పుస్తకములను ప్రచురణ సంవత్సర క్రమమున చెప్పుటకు అడ్డువరుస మేలా, నిలువువరుస మేలా? కారణము వ్రాయుము.
2. 0 మొదలు 100 వఱకు గల మార్కులను వ్రాయుటకు ఎన్ని బిట్లు చాలును?
3. ఫీల్డ్ కేష్ వలన మొదట అడిగినవానికి కలిగిన కష్టమేమి? దానిని డాక్ వాల్యూస్ ఎట్లు తొలగించెను?