నీటిలోని సూక్ష్మజీవులను లెక్కించుట ఎట్లు?

నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతములలోని పెక్కు ఇండ్లలో నల్లా నీరు ముందుగా సంపులోనికి, అటనుండి మిద్దెపై ట్యాంకులోనికి ఎక్కి, ఆ తరువాతనే వంటింటికి చేరును. గ్లాసులో తేటగా కనబడినంత మాత్రమున ఆ నీరు శుద్ధమని నమ్మరాదు. 2009 మే నెలలో మన నగరమునందే, భోలక్‌పూర్‌లో, కలుషితమైన నల్లా నీరు త్రాగి పలువురు మరణించిరి. కంటికి కనబడని సూక్ష్మజీవులను మరి పరీక్షశాలవారు ఎట్లు లెక్కింతురు?

మురుగు కలిసిన నీటిలో ఇవి లక్షలుగా ఉండును. కావున ముందు పలుచన చేయుదురు. క్రిమిరహితమైన 9 మి.లీ. జలము గల నాళికలో 1 మి.లీ. నమూనా కలిపినచో పదియవ వంతగును. అందుండి 1 మి.లీ. తీసి రెండవ నాళికలో కలిపిన నూరవ వంతు. నాల్గవ నాళికకు పదివేలవ వంతు. ప్రతిసారి క్రొత్త పిపెట్టు వాడి, నాళికను బాగుగా కుదుపవలెను. ఇచ్చట అలసత్వము చూపినచో లెక్క యంతయు తప్పును. నాల్గవ నాళికనుండి 1 మి.లీ. తీసి, పోషకద్రవ్యము గల పళ్ళెములో చేర్చి, 37 డిగ్రీల వేడిమిలో ఉంచిన ఒకటి రెండు రోజులకు ఒక్కొక్క జీవి వృద్ధిపొంది చిన్న చుక్కగా కనబడును. 42 చుక్కలున్నచో, పదివేలతో హెచ్చింపగా మి.లీ.కు 4,20,000. చుక్కలు 30కి తగ్గినచో లెక్క నమ్మదగదు. 300 మించినచో ఒకదానితో నొకటి కలిసిపోవును. గుంపుగా అంటుకొన్న జీవులు ఒకే చుక్క నిచ్చును, చచ్చినవి లెక్కకే రావు. కనుక ఇది అంచనా మాత్రమే.

సంఖ్యను చూచి మాత్రమే బెదరనక్కరలేదు. కోడెక్స్ అను అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము యోగర్ట్ గ్రామునకు కనీసము 1 కోటి తోడు సూక్ష్మజీవులు ఉండవలెను! త్రాగునీటి సంగతి వేరు. 100 మి.లీ.లో ఒక్క ఈ-కోలి కూడ కనబడరాదని భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 10500 చెప్పుచున్నది. ప్రేగులలో నివసించు ఈ జీవి కనబడినచో మలినము కలిసినదని అర్థము. ఇంత స్వల్పసంఖ్యను పట్టుటకు పలుచన పనికిరాదు; 100 మి.లీ. నీటిని సన్నని పొరపై వడగట్టి, ఆ పొరపైననే జీవులను పెంచుదురు. కామెర్ల వైరస్ మాత్రము ఈ పరీక్షలలో తెలియదు.

నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీటి పరీక్షలు జరుగును. ఇంటి సీసాలో నీరు పట్టరాదు. పరీక్షశాలవారి శుద్ధమైన సీసాలో పట్టి, మంచుపెట్టెలో ఉంచి, ఆనాడే అప్పగించవలెను. సీసా అడుగున మందు ఉన్నచో కడిగివేయరాదు. అది నీటిలోని క్లోరిన్‌ను విరుచుటకు వేసినది.

ఫలితము వచ్చునంతవరకు నీటిని కళపెళ కాచి, ఒక నిమిషము అట్లే మరగనిచ్చి, చల్లార్చి వాడవలెను. కాచి చల్లార్చిన నీరు లఘువనియు, రాత్రి నిలువయున్నచో త్రిదోషకారకమనియు అష్టాంగహృదయము చెప్పుచున్నది. కావున ఏనాటి నీరు ఆనాడే కాచుకొని, మూతపెట్టి, చేయి ముంచక పిడిగల గరిటెతో తీసికొనవలెను.