కారు కొన్నావు సరే, లాగ్ బుక్ ఏదీ?

హనుమకొండ



మొన్న నువ్వు పెట్టిన మెసేజ్ మీ పెద్దమ్మ చదివి వినిపించింది. ఈసారి కారు ఖర్చు మొత్తం రిటర్నులో చూపిస్తానని రాశావు. అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు.

నర్సంపేటలో, పరకాలలో ఏ రైసుమిల్లులో మిషన్ ఆగినా నీకే ఫోను వస్తుంది. మిల్లుకు పోయొచ్చిన డీజిల్ ముమ్మాటికీ నీ వ్యాపార ఖర్చే. వదులుకోమని నేననను. కానీ అదే కారులో ఇంటిల్లిపాదీ మేడారం పోయాం. సమ్మక్కకు మొక్కు చెల్లించడం మిల్లు పని ఎట్లా అవుతుంది బిడ్డా? 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 37వ సెక్షన్ పూర్తిగా వ్యాపారం కోసమే పెట్టిన ఖర్చును ఒప్పుకుంటుంది. బండి రెండిటికీ వాడితే 38వ సెక్షన్ కింద పనికి వాడినంత మేరకే. కొత్త చట్టంలో నంబర్లు మారినా నీ పని మారదు. ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరిగి, అందులో 14,000 మిల్లుల కోసమైతే డీజిల్, ఇన్సూరెన్స్, సర్వీసింగ్, అన్నిట్లో 70 శాతమే నీది.

ఆ 14,000 అని ఎవరు చెప్పాలి? లాగ్ బుక్ చెప్పాలి. నేను కాకతీయ కాలువ పనుల మీద ఉన్న రోజుల్లో మా జీపు డ్రైవర్ మీటర్ రీడింగ్ రాయనిదే తాళం తిప్పేవాడు కాదు. ఇంజనీరు గారు వెనక కూర్చుని తొందరపెడుతున్నా సరే, పెన్సిల్ తీసి బయలుదేరిన రీడింగ్, ఎక్కడికి, ఏం పని మీద అని రాసుకునేవాడు. తిరిగొచ్చాక మళ్ళీ రీడింగ్, పక్కన ఆఫీసర్ సంతకం. ఆడిట్ వాళ్ళు వచ్చి ఏ తేదీ అడిగినా పుస్తకం తెరిచి చూపేవాడు. నువ్వూ అట్లాగే ఏ రోజుది ఆ రాత్రే రాయి. మార్చి నెలాఖరున కూర్చుని ఏడాదంతా ఊహించి రాసింది లెక్క కాదు.

మీ అమ్మ చెప్పింది, మధ్యాహ్నం తిండి కూడా మానేస్తున్నావట. రాత్రిపూట ములుగు రోడ్డు మీద నిద్ర వస్తే బండి పక్కకు ఆపు. మిల్లు పొద్దున దాకా ఆగుతుంది.

కారు లెక్కల సంగతులు ఇంకొన్ని. లోను కిస్తీలో వడ్డీ మాత్రమే ఖర్చు, అసలు కాదు. అదీ పనికి వాడిన మేరకే. ట్రాఫిక్ చలానా అసలే పనికిరాదు. గ్యారేజీకి ఒకే రోజు 10,000 రూపాయలు దాటి నగదు ఇస్తే ఒప్పుకోరు, బ్యాంకు ద్వారా పంపు. కారు తరుగుదల ఏడాదికి 15 శాతం. దీపావళికి కొన్నావు కనుక 180 రోజులు నిండలేదు, మొదటి ఏడాది అందులో సగమే. ఆ 1961 చట్టం 44ఏడీ సెక్షన్ కింద రాబడిలో 8 శాతం, బ్యాంకులో పడ్డదానికి 6 శాతం లాభమని చూపితే మాత్రం డీజిల్, తరుగుదల అన్నీ అందులోనే కలిసిపోయినట్టు. మళ్ళీ విడిగా అడగడానికి లేదు. ఏ దారి నీకు మేలో ఆడిటర్ గారిని అడుగు.

రేపే చౌరస్తాలో గట్టి అట్ట ఉన్న పొడుగు నోటుబుక్కు కొని కారులో పెట్టుకో. రిటర్ను వేసేముందు అది నాకొకసారి చూపించు నాయనా.

మీ పెద్దనాయన